పాత గాజుకు రంగులు: కోబాల్ట్, రాగి, మాంగనీస్ మోతాదులు, ధూళి జాగ్రత్తలు

బరంపురం_బట్టీ
అందరికీ నమస్కారం. మాది బరంపురంలో చిన్న ఎల్పీజీ బట్టీ. మూసలో 25 కిలోల గాజు పడుతుంది. పూసలు, దీపం డోములు, తలుపు పిడులు చేస్తాం. ఇసుక, సోడా కలిపి కొత్త గాజు వండం. కిటికీ అద్దాల ముక్కలు, తెల్ల సీసాలు కరిగిస్తాం, సరుకు తగ్గితే బీరు సీసాలు కూడా వేస్తాం.

ఇబ్బందులు ఇవీ. కోబాల్ట్ నీలం ఒకచోట నల్లగా, ఒకచోట వెలిసిపోయినట్టు చారలు కడుతోంది. రాగితో ఆకాశనీలం రావలసింది, ఇటుక రంగు మరకలతో మురికిగా వస్తోంది. మాంగనీస్ వేస్తే ఊదా బదులు దాదాపు తెల్లగాజే మిగులుతోంది, పైగా మూస పొంగి పొర్లుతోంది.

ఇంకొకటి. రంగులు తూచే కుర్రాళ్లు మూతికి తువ్వాలు చుట్టుకుంటున్నారు. అది చాలుతుందా?

కొలిమి_రాయగడ
ముందు ఆ బీరు సీసాలు పక్కన పెట్టండి. మీ మూడు ఇబ్బందుల్లో రెండింటికి మూలం అదే. గోధుమ రంగు సీసాకు ఆ రంగు వచ్చేది ఇనుము, గంధకం, బొగ్గు కలిసి. అంటే ఆక్సిజన్ తక్కువగా ఉంచి కరిగించిన గాజు అది, అందులోని గంధకం సల్ఫైడ్ రూపంలో ఉంటుంది. కిటికీ అద్దంలో, తెల్ల సీసాలో గంధకం సల్ఫేట్ రూపంలో ఉంటుంది. రెండూ ఒకే మూసలో పడితే సల్ఫైడూ సల్ఫేటూ తగువాడుకుని సల్ఫర్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది. మీ నురుగులో ఎక్కువ భాగం అదే. రాగి మురికైపోవడానికీ, మాంగనీస్ రంగు చావడానికీ కూడా అది చాలు.

రెండోది మంట. తలుపు సందులోంచి పసుపు నాలుక బయటికి వస్తోందంటే గాలి తక్కువైనట్టే. అలాంటి మంటలో రాగి ఆకాశనీలంగా నిలవదు. కొంత భాగం ఆక్సిజన్ కోల్పోయి ఎర్రగా, కాలేయం రంగులో మరకలు కడుతుంది. బ్లోయర్ గాలి పెంచి ఆ నాలుక లోపలికి పోయేదాకా చూడండి. ఉష్ణోగ్రత కాస్త తగ్గినా పర్లేదు, పాత గాజు 1200–1250 డిగ్రీల్లో బాగానే కరుగుతుంది.

25 కిలోల గాజుకు మోతాదులు (గాజు తగ్గితే అదే పాళ్లలో తగ్గించండి):
నల్ల రాగి ఆక్సైడ్ 1.5 శాతం, అంటే 375 గ్రాములు. మంచి ఆకాశనీలం వస్తుంది.
మాంగనీస్ డయాక్సైడ్ 1.5 నుంచి 2 శాతం, అంటే 375–500 గ్రాములు. దీనికి సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్, 1 శాతం (250 గ్రాములు) తోడు కావాలి. ఊదా రంగునిచ్చేది మూడో ఆక్సీకరణ స్థాయి మాంగనీస్. ఆక్సిజన్ తగ్గినా, వేడి అవసరానికి మించినా, మూసను గంటల తరబడి ఎత్తులో ఉంచినా అది రెండో స్థాయికి దిగి రంగు పోతుంది. కాబట్టి కరిగి బుడగలు తేరగానే వేడి తగ్గించి పనిలోకి దిగండి.
మాంగనీస్ డయాక్సైడ్ తానే ఆక్సిజన్ వదులుతుంది కనుక బీరు సీసా లేకపోయినా కొంత పొంగు తప్పదు. మూడు విడతలుగా వేయండి, మూస ముప్పావుకు మించి నింపకండి.

మూస_జయపురం
కోబాల్ట్ చారల సంగతి నేను చెబుతాను. లోహపు రంగుల్లో ఇంత గట్టివి చాలా అరుదు. 0.02 శాతం వేసినా స్పష్టమైన నీలం, 0.05 అంటే నిండు నీలం, 0.1 దాటితే మందపాటి ముక్క నల్లగానే కనిపిస్తుంది. మీ మూసకు 0.05 శాతం అంటే 12.5 గ్రాములు. వంటింటి తూకం ఒక గ్రాము అటూ ఇటూ చూపిస్తే రంగు నూటికి ఎనిమిది పాళ్లు మారిపోయింది. ఆ పన్నెండు గ్రాములు కూడా ఒకచోట కుప్పగా పడితే చారలు కాక ఏమొస్తాయి?

ముందే పలచన చేసి పెట్టుకోండి. కోబాల్ట్ ఆక్సైడ్ 100 గ్రాములు, సన్నగా జల్లించిన తెల్ల గాజు పొడి 900 గ్రాములు, మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో వేసి, పది పన్నెండు గాజు గోళీలు వేసి, 20 నిమిషాలు నేల మీద దొర్లించండి. డబ్బాను పది నిమిషాలు కదపకుండా ఉంచి ఆ తర్వాతే మూత తీయండి, లోపలి ధూళి దిగాలి. ఈ మిశ్రమం 50 గ్రాములు వేస్తే 0.02 శాతం, 125 గ్రాములు వేస్తే 0.05 శాతం. ఇప్పుడు గ్రాము తేడా వచ్చినా నష్టం లేదు. తూచేవాడి ముక్కులోకి పోయే కోబాల్టూ పదో వంతే.

వేసేటప్పుడు పైన చల్లకండి. గాజు పెంకులు ఒక పొర, మిశ్రమం ఒక పొర, మళ్లీ పెంకులు. అప్పటికీ చార మిగిలితే కరిగిన గాజును గరిటెతో పెద్ద నీటి తొట్టిలో కొద్దికొద్దిగా పోసి, ఆ పలుకులు ఆరబెట్టి మళ్లీ కరిగించండి. రెండోసారి చార ఉండదు. బంగాళాదుంపను ఇనుప కడ్డీకి గుచ్చి మూసలో ముంచి ఆవిరితో కలియబెట్టే పాత పద్ధతి ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ గాజు చిమ్ముతుంది. ముఖానికి షీల్డు, చేతికి పొడుగు తొడుగు లేకుండా ఆ పని వద్దు.

రంగు చూడ్డం చల్లారాకే. కడ్డీ చివర కొంచెం గాజు తీసి ఇనుప రేకు మీద అర సెంటీమీటరు మందంలో పోసి, చల్లారాక తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. వేడి మీద రాగి పచ్చగా కనిపిస్తుంది, దాన్ని చూసి ఇంకాస్త వేయాలని చేయి ఊరుకోదు.

ధూళి_లెక్క
(బల్లార్పూర్ నుంచి. భద్రత వరకు రాస్తాను.)

తువ్వాలు చాలదు బాబూ. బట్ట నేత సందుల్లోంచి ఊపిరితిత్తుల దాకా వెళ్లే సన్న ధూళి నేరుగా పోతుంది, పైగా ఆ తువ్వాలుకు అంటిన పొడే రోజంతా మూతి దగ్గర ఉంటుంది. కోబాల్ట్, మాంగనీస్, రాగి తూచేటప్పుడు కనీసం ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం మాస్కు కావాలి. మన దేశపు ప్రమాణం ఐఎస్ 9473, ఆ ముద్ర చూసి కొనండి. ఎన్95 అన్నా దాదాపు అదే స్థాయి. గడ్డం ఉంటే ఏ మాస్కూ ముఖానికి అతకదు, సందుల్లోంచి గాలి దూరుతుంది. ఇవి ధూళికే, వాయువులకు కావు.

ఒక్కో రంగు ఏం చేస్తుందో తెలిసి ఉండాలి. కోబాల్ట్ ధూళి ఉబ్బసం తెస్తుంది, చర్మం మీద దద్దుర్లు వేస్తుంది. మాంగనీస్ ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే నరాలను పట్టుకుంటుంది: నడక తడబడడం, చేతులు వణకడం, చూసినవాళ్లు పార్కిన్సన్ అనుకుంటారు. రాగి పొగ పీలిస్తే ఆ రాత్రికే జ్వరం, ఒళ్లు నొప్పులు, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. సీసం, మాంగనీస్, పాషాణం (ఆర్సెనిక్) విషప్రభావాలు, క్రోమ్ పుండ్లు, సిలికోసిస్ (సిలికా ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు), ఇవన్నీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులోనే వృత్తి జబ్బులుగా రాసినవే. నేను కొత్తగా భయపెడుతున్నది కాదు.

మాస్కు ఆఖరి కాపలా మాత్రమే. అంతకుముందు చేయవలసినవి ఉన్నాయి. తూకం బల్ల వెనక గాలి లాగే ఫ్యాను పెట్టి బయటికి గొట్టం తీయండి. బల్ల ముందు అంచున అగరబత్తి పట్టుకోండి. పొగ తూచేవాడి ముఖం వైపు వస్తే ఆ ఫ్యాను ఉన్నా లేనట్టే. పొగ వంగి లోపలికి పోవాలి. చీపురు పట్టొద్దు, కంప్రెసర్ గాలితో ఊదొద్దు. తడిబట్టతో తుడిచి, ఆ బట్టను బకెట్లో జాడించండి. ఆ షెడ్డులో పఖాళ (చద్దన్నం) గిన్నె, టీ గ్లాసు పెట్టుకోవద్దు. పాన్, గుట్కా, ఖైనీ నోట్లో ఉంటే మాస్కు పెట్టినా ఫలం లేదు, వేలితో పొడి నేరుగా కడుపులోకి పోతోంది. పని చొక్కా ఇంటికి పోకూడదు, చంటిపిల్లలున్న ఇల్లయితే మరీను.

డబ్బాల మీద పేరు ఒడియాలోనూ తెలుగులోనూ రాయించండి. రాత్రి పనికి వచ్చేవాడు ఏ లిపి చదవగలడో మీకే తెలుసు.

బరంపురం_బట్టీ
ధన్యవాదాలు. రెండు అనుమానాలు. రాగి ఆక్సైడ్ ఇక్కడ దొరకడం కష్టం, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) దొరుకుతుంది, వాడొచ్చా? మాంగనీస్‌కి ఒక పాత సామాన్ల వ్యాపారి టార్చి సెల్లుల్లోని నల్ల పొడి తెస్తానంటున్నాడు, చాలా చవక.

కొలిమి_రాయగడ
సెల్లు పొడి వద్దే వద్దు. అందులో మాంగనీస్‌తో పాటు బొగ్గు పొడి ఉంటుంది. బొగ్గు పడిందంటే ఊదా రంగు పుట్టకముందే చచ్చింది. పైగా జింకు క్లోరైడు, అమ్మోనియం క్లోరైడు, పాత సెల్లయితే పాదరసం కూడా ఉంటుంది. ఆ పొగ మూస మీద నిలబడ్డవాడికే. చవక బేరం అనుకుని ఆ సంచి ఇంట్లోకి తేవద్దు.

మా వైపు నిషిఖాల్ ఖనిజం, అటు గరివిడి, చీపురుపల్లి ఖనిజం గుర్తొస్తుంది అందరికీ. ముడి ఖనిజంలో ఇనుము, మట్టి కలిసి ఉంటాయి, పాళ్లు గంపగంపకూ మారతాయి. ఊదా గోధుమకు తిరుగుతుంది. రసాయన గ్రేడు పొడి కొనండి, ఒక్కో మూసకు అరకిలో లోపే కదా కావలసింది.

మైలుతుత్తం వాడొచ్చు గానీ లెక్క తప్పుతారు. అందులో నీరు, సల్ఫేటు పోను రాగి ఆక్సైడ్ నూటికి 32 పాళ్లే. అంటే 375 గ్రాముల ఆక్సైడ్ బదులు దాదాపు 1,180 గ్రాములు వేయాలి. మిగిలిన బరువంతా నీటి ఆవిరిగా, గంధకపు ఘాటుగా బట్టీలోంచి బయటికి వస్తుంది, కొంత సల్ఫేటు గాజు పైన తెట్టులా తేలుతుంది. రాగి కార్బొనేట్ దొరికితే అది నయం.

పూసలపని
ఆకుపచ్చకు పొటాషియం డైక్రోమేట్ వాడితే చక్కగా కరుగుతుంది, క్రోమియం ఆక్సైడ్ అయితే నల్ల చుక్కలు మిగులుతాయి అంటారు. నిజమేనా?

ధూళి_లెక్క
కరగడం వరకు నిజమే. కానీ డైక్రోమేట్ ఆరో స్థాయి క్రోమియం. ఊపిరితిత్తుల కేన్సర్ కారకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఐఏఆర్‌సీ దాన్ని మొదటి వర్గంలోనే పెట్టింది. చర్మం మీద చిన్న గాయంలో పడితే మానని గుంట పుండు అవుతుంది, ధూళి పీలిస్తే ముక్కు దూలానికి చిల్లు పడుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా గాలిలో దానికి పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, సీసానికి పెట్టింది 50. తేడా చూడండి. చిన్న షెడ్డులో ఆ హద్దును కాపాడే సాధనం ఉండదు. వద్దు.

మూస_జయపురం
మూడో స్థాయి క్రోమియం ఆక్సైడ్ తోనే లాగించొచ్చు. 0.2 శాతం, అంటే 50 గ్రాములు. దాన్ని 450 గ్రాముల గాజు పొడితో గోళీల డబ్బాలో పలచన చేసి వేస్తే చుక్కలు చాలా తగ్గుతాయి. పైవేడిలో ఇంకో గంట రెండు గంటలు ఉంచండి. 0.5 శాతం దాటితే ఎలాగూ కరగదు, మెరిసే పలుకులుగా తేలుతుంది. సుకిందా క్రోమైట్ ఇసుక పొడి చేసి వేద్దామనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి. ఆ గింజలు గాజులో కరగకుండా రాళ్లలా ఉండిపోతాయి, చల్లారేటప్పుడు వాటి చుట్టూ పగులు పుడుతుంది.

అసలు ఆకుపచ్చకు ఇంత తంటా ఎందుకు? పచ్చ సీసాలు కరిగించండి. వాటిలో క్రోమియం ఎప్పుడో గాజులో బందీ అయింది, మీరు పొడి ముట్టనక్కర్లేదు. పచ్చ సీసా ఒక పాలు, తెల్ల గాజు మూడు పాళ్లతో లేత రంగు వస్తుంది.

గోపాలపురం_ఒడ్డు
కొత్త గాజు వండాలనుకునేవాళ్లకు ఒక మాట, అడగకపోయినా. ఛత్రపురం, గోపాలపురం తీరం ఇసుక మెరుస్తోందని తేవద్దు. అందులో ఇల్మెనైట్, గోమేదకపు గింజలు, జిర్కాన్, మోనజైట్ ఉంటాయి. ఛత్రపురంలో ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ ఆ ఇసుక తవ్వేది వాటికోసమే. ఇనుము, టైటానియం వల్ల గాజు మురికి పచ్చగా పోతుంది, జిర్కాన్ కరగదు, మోనజైట్‌లో రేడియోధార్మిక థోరియం ఉంది. అది అణుశక్తి చట్టాల కిందికొచ్చే సరుకు, ఇంట్లో ఆడుకునేది కాదు. యురేనియం గాజు చేద్దామని అడిగేవాళ్లకూ అదే జవాబు.

పాత సామాన్లలో నల్లలైటు (అతినీలలోహిత దీపం) కింద పచ్చగా వెలిగే గాజంతా యురేనియం కాదు. మాంగనీస్ ఉన్న గాజు కూడా కొద్దిగా పచ్చగా వెలుగుతుంది, యురేనియం మాత్రం గదంతా తెలిసేలా వెలుగుతుంది.

పూసలపని
ఎరుపు మాటేమిటి? పెళ్లిళ్ల కాలంలో అడిగేది ఎర్ర పూసలే.

మూస_జయపురం
ఎరుపుకు మూడు దారులు. బంగారం: 0.02 శాతం చాలు, మీ మూసకు 5 గ్రాములు, ధర మీరే వేసుకోండి. పైగా రాజద్రావకంలో (గాఢ నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) కరిగించాలి, ఆ పొగ వేరే గొడవ. కాడ్మియం సల్ఫైడ్, సెలీనియం: పాత రైలు సిగ్నల్ అద్దాల నిప్పు ఎరుపు అదే. రాగి ఎరుపు: రాగి 0.2–0.3 శాతం, తగరపు ఆక్సైడ్ 0.5 శాతం దాకా, గాలి తగ్గించిన మంట. తీసేటప్పుడు గాజు రంగులేనట్టో, లేత గడ్డి రంగులోనో ఉంటుంది. 550–650 డిగ్రీల మధ్య మళ్లీ వేడి చేస్తేనే ఎరుపు తేలుతుంది. వేడి ఎక్కువసేపు పెడితే కాలేయం రంగుకు తిరుగుతుంది. ఆకాశనీలం మూసలో దీన్ని చేయలేరు, మంట తత్వమే వేరు.

ధూళి_లెక్క
కాడ్మియం పొడి విడిగా కొనవద్దు. బట్టీ వేడికి అది ఆవిరై పైకి పోయి పొగగొట్టంలో పేరుకుంటుంది. అసలు ప్రమాదం మూస దగ్గర కంటే ఆర్నెల్లకోసారి ఆ గొట్టం దులిపేవాడికి ఎక్కువ. ఆ పొగ పీల్చిన వెంటనే ఏమీ అనిపించదు. కొన్ని గంటల తర్వాత ఛాతీ బిగిసి ఊపిరాడదు, అప్పటికి మనిషి ఇంటికెళ్లి పడుకుని ఉంటాడు. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి చేరితే మూత్రపిండాలు పోతాయి. ఆ ఎరుపే కావాలంటే కంపెనీ తయారుచేసిన ఎర్ర గాజు కడ్డీలు కొనుక్కుని పూస మీద పైపొరగా చుట్టండి, వాటిలో కాడ్మియం గాజులో బిగిసి ఉంటుంది. అప్పుడు కూడా కడ్డీని టార్చి మంటలో మరిగించవద్దు, పైన పొగ లాగే ఏర్పాటు తప్పదు. కొనేముందు వ్యాకోచం చూసుకోండి, మీ కిటికీ గాజుతో పడని కడ్డీ చుడితే చల్లారాక పూస పగులుతుంది.

బరంపురం_బట్టీ
రంగుల మిశ్రమాన్ని కొంచెం తడిపితే దుమ్ము లేవదు కదా. అలా చేయొచ్చా?

కొలిమి_రాయగడ
వేడి మూసలో తడి సరుకా! ఆవిరి పేలి గాజు ముఖాన పడుతుంది. నేనైతే ఒప్పుకోను.

మూస_జయపురం
అన్నా, పెద్ద కర్మాగారాల్లో కూడా మిశ్రమాన్ని 3–4 శాతం నీటితో తడుపుతారు, దుమ్ము లేవకుండా, పొడులు విడిపోకుండా. ప్రమాదం తడిలో లేదు, నీళ్లోడే ముద్దలోనూ, మూసిన పొట్లంలోనూ ఉంది. కిలోకు 30 మిల్లీలీటర్లు చిలకరించి కలిపి పిడికిట పట్టి చూడండి. ముద్ద నిలవాలి, చేతికి నీరు అంటకూడదు. అలా తడిపింది పెంకుల మధ్య పొరగా వేయాలి, కరిగి నిండుగా ఉన్న గాజు మీద పడేయకూడదు. ప్లాస్టిక్ సంచిలో కట్టి విసరడం మాత్రం ఎన్నడూ వద్దు.

కొలిమి_రాయగడ
పొరల మధ్య అయితే సరే. కరిగిన గాజు మీద వేసే రెండో, మూడో విడత మాత్రం పొడిగానే ఉండాలి, ఆ మాట వెనక్కి తీసుకోను. కాగితం పొట్లంలో వేస్తే దుమ్ము లేవదు. కాగితం కాలి కొంచెం ఆక్సిజన్ తింటుంది కనుక మాంగనీస్ మూసకు పల్చటి కాగితమే వాడండి.

సురేకారం గురించి మరిచాను. బొగ్గు, రంపపు పొట్టు, గంధకం ఉన్న గదిలో దాన్ని పెట్టవద్దు. మూసలో పడ్డప్పుడు గోధుమ రంగు పొగ కనిపిస్తే అది నైట్రోజన్ డయాక్సైడ్ వాయువు, దీని దెబ్బా ఆలస్యంగానే తెలుస్తుంది. వేసి వెనక్కి జరగండి.

గోపాలపురం_ఒడ్డు
కళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. టార్చి మీద పూసలు చేసేవాళ్లు ఊదా రంగు డిడిమియం కళ్లద్దాలు పెడతారు. నియోడిమియం, ప్రేసియోడిమియం కలిసిన గాజు అది, సోడియం పసుపు మెరుపును మింగేస్తుంది, పని కనిపిస్తుంది. అంతే దాని పని. బట్టీ నోటి ముందు నిలబడేవాళ్లకు అది చాలదు. కంటి శుక్లం తెచ్చేది పరారుణ వేడి, దాన్ని డిడిమియం ఆపదు. బట్టీకి 3 నుంచి 5 షేడు వెల్డింగ్ రకం అద్దం, పరారుణాన్ని ఆపుతుందని రాసి ఉన్నదే తీసుకోండి.

పూసలపని
ఇదే రంగు గాజుతో టీ గ్లాసులు, పచ్చడి గిన్నెలు చేయొచ్చా?

మూస_జయపురం
కోబాల్ట్, రాగి, మాంగనీస్, పచ్చ సీసా గాజు సోడా–సున్నం గాజులో (కిటికీలు, సీసాల మామూలు గాజు) బాగా కరిగి ఉంటే ఫర్వాలేదు. సీసం కలిపిన గాజులోనూ, కాడ్మియం ఎరుపు–పసుపు గాజులోనూ చింతపండు పులుసు, ఆవకాయ, నిమ్మరసం పెట్టవద్దు, పులుపు లోహాన్ని లాగుతుంది. గ్లాసు బయట వేసే ఎనామిల్ బొమ్మల్లో కూడా సీసం, కాడ్మియం ఉండొచ్చు, పెదవి తగిలే అంచు వదిలేసి వేయాలి. అమ్మే ముందు లాబులో పరీక్ష చేయించండి. 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 22 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, లోహం ఎంత దిగిందో కొలుస్తారు. ఐఎస్‌ఓ 7086 పద్ధతి అంటే లాబువాళ్లకు అర్థమవుతుంది.

ధూళి_లెక్క
ఇంకొకటి, బట్టీ మరమ్మతుకు ముందు చదవండి. లోపలి తెల్ల దూది లాంటి సెరామిక్ ఫైబర్ దుప్పటి ఏళ్ల తరబడి వెయ్యి డిగ్రీలు దాటిన వేడి తింటే కొంత క్రిస్టోబలైట్‌గా మారుతుంది. అది స్ఫటిక సిలికా, సిలికోసిస్ తెచ్చేదే. పాత దుప్పటిని పొడిగా చింపకండి. నీళ్లు చిలకరించి తడిపి, ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కుతో తీసి, మందపాటి సంచిలో మూట కట్టండి. మీరు ఇసుక వాడకపోయినా సిలికా మీ షెడ్డులోకి వచ్చే దారి ఇదే.

బరంపురం_బట్టీ
బీరు సీసాలు ఆపేశాం, గోళీల డబ్బా కూడా తయారైంది. ఒక్కటే మిగిలింది. తుడిచిన బట్టలు జాడించిన నీరు, బల్ల మీద ఏరిన పొడి ఎక్కడ పారేయాలి?

ధూళి_లెక్క
కాలువలో వద్దు. బకెట్టు ఒక రోజు కదపకుండా ఉంచితే పొడి అడుగుకు దిగుతుంది. పైనీటిని మళ్లీ బట్టలు జాడించడానికే వాడండి. అడుగు మడ్డి కోబాల్ట్, రాగి, మాంగనీస్‌దే అయితే ఆరబెట్టి ముదురు నీలం మూసలో వేసేయండి, ఆ రంగులో దాని తేడా కనిపించదు. ఆరేటప్పుడు మూత వేయండి, ఎండిన మడ్డి మళ్లీ దుమ్మే. క్రోమియం మడ్డి విడిగా ఉంచండి. పొగగొట్టం దులిపిన మసి మూసలోకి తిరిగి పోకూడదు. మూత బిగించిన డబ్బాలో పెట్టి, పేరు రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వండి. ఖాళీ అయిన రంగు సంచులు బియ్యానికీ, పశువుల దాణాకీ ఇవ్వకుండా కోసి అదే డబ్బాలో వేయండి.